పటం ప్రకారం పటాలం

పదమూడో దక్కను పటాలానికి లేనిదేమిటని అడిగితే సుబేదార్ మేజర్ పేడాడ గవరయ్య అదివరకు ఒకటే మాట చెప్పేవాడు: "మంచి కూర." ఆ ఏడు వానలు వెనకబట్టేసరికి రెండోది కూడా బయటపడింది. పటాలానికి సంప్రదాయం లేదు.

బయటపెట్టింది పైనుంచి వచ్చిన ఉత్తరం. ఎంత పైనుంచంటే, కింద పెట్టిన సంతకం ఎవరిదో కింద ఉన్నవాళ్లకి తెలియనంత పైనుంచి. "ప్రతి పటాలమును తన ప్రాచీన సంప్రదాయముల జాబితాను మూడు ప్రతులలో సమర్పించవలెను. ప్రాచీన సంప్రదాయము లేని పటాలములు, దానిని ఏ తేదీలోగా ఏర్పరచుకొందురో తెలియజేయవలెను."

పక్క పటాలాలకు దిగులు లేదు. ఒకరికి రెండొందల ఏళ్ల నగారా ఉంది. ఇంకొకరికి పొట్టేలుంది, దానికి నాయక్ హోదా, ఏడాదికి నెల రోజుల సెలవు. పదమూడో దక్కను పుట్టి ఇరవై తొమ్మిదేళ్లే. అందులో ఉన్న వాటన్నిటిలోకీ పాత వస్తువు ఒక్కటే, గవరయ్య.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, పటాలం పుట్టిన రోజునే అందులో చేరి, లాన్సు నాయక్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ బూటు అరిగేలా ఎక్కి సుబేదార్ మేజర్ అయ్యాడు. అంటే పైన ఆఫీసర్లు, కింద జవాన్లు, మధ్యలో ఆయన, తలుపుకి బందులాగ. పటాలంలో క్రమశిక్షణ అంతా ఆయన చేతిలోనే ఉండేది. అందులో క్రమం ఆయనది, శిక్ష జవాన్లది. మిగిలిన 'ణ' దగ్గర అందరూ తలో చెయ్యీ వేసేవారు. ఆయన "సావధాన్!" అని అరిస్తే ఆరొందల మంది జవాన్లతో పాటు కంటోన్మెంటు బజారులో టీ కాచేవాడు కూడా మడమలు దగ్గరికి చేర్చేవాడు.

డిసెంబరు ముప్పై ఒకటిన రిటైర్మెంటు. ఇరవై ఎనిమిదిన పటాలం పుట్టినరోజు పరేడు. అదే ఆయన ఆఖరి పరేడు. ఆయన కోరికలు రెండు. ఆ పరేడులో ఒక్క కాలు కూడా తప్పు పడకూడదు. పోయేముందు గౌరవ లెఫ్టినెంటు హోదా రావాలి. ఏడాదికి పటాలానికి ఒక్కటే ఇస్తారు. కమాండింగ్ ఆఫీసర్ సిఫారసు చెయ్యాలి. ఊళ్లో తలుపు మీద వేయడానికి ఆయన తమ్ముడు పెయింటరుతో పలక కూడా మాట్లాడి ఉంచాడు. గవరయ్య ఆ పలక మీద అక్షరాలు తలుచుకుని గౌరవయ్య అయిపోయేవాడు.

కమాండింగ్ ఆఫీసరు కల్నల్ ప్రభంజన్. పేరుకి తగ్గట్టు గాలి ఎటు వీస్తే అటే, కాని చాలా వేగంగా. ఉత్తరం వచ్చిన నాలుగో రోజు ఆయన గవరయ్యని ఆఫీసుకి పిలిచాడు. గోడకి కొత్తగా ఒక పెద్ద ఫొటో వేలాడుతోంది.

"సుబేదార్ మేజర్ సాబ్, మన చరిత్ర దొరికింది!" అన్నాడు కల్నల్. "స్టోర్సులో చెదలు అంతా తినేసి, ఈ ఒక్క నెగటివ్ వదిలిపెట్టాయి. బజారు స్టూడియోలో పెద్దది చేయించాను. పటాలం మొదటి పుట్టినరోజు. చూడండి ఆ ముందు వరస, ఆ చివర!"

గవరయ్య చూశాడు. ముందు వరసలో నేల మీద కూచున్న ఒక లాన్సు నాయక్. మీసం లేదు. ఎడమచెయ్యి ఎడమ చెంపకి బిగించి ఉంది. సగం మొహం కనపడ్డం లేదు. కనపడే సగంలో కన్ను మటుకు ఏదో దూరంలో ఉన్న శత్రువుని చూస్తున్నట్టు ఎర్రగా, చెమ్మగా ఉంది.

ఆ కన్ను గవరయ్యదే. ఆ చెంపా ఆయనదే. ఆ చెంప లోపల ఆ రోజు పొద్దున విరిగిన దవడ పన్ను కూడా.

"సాబ్, అది..." అన్నాడు.

"నాకు తెలుసు! మీకూ ఒళ్లు పులకరించింది కదూ?" కల్నల్ లేచి నిలబడ్డాడు. "చరిత్ర కమిటీ రాత్రికి రాత్రి తేల్చేసింది. తూటా చెంపని రాసుకుపోయినా, గాయాన్ని అరచేత్తో అదిమిపెట్టి, వరస తప్పకుండా కూచున్న వీరుడు! శత్రువు పేరు మాత్రం ఇంకా లభ్యం కాలేదు. ఇకనుంచి మన పటాలంలో ప్రతి సెల్యూట్‌కీ ముందు చెంప మీద చెయ్యి. చెంపవందనం! దీన్ని అమలు చేసే బాధ్యత మీది. అన్నట్టు, మీ గౌరవ లెఫ్టినెంట్ సిఫారసు నా బల్ల మీదే ఉంది. చెంపవందనం అవగానే సంతకం."

గవరయ్య నోరు తెరిచాడు. ఇరవై ఎనిమిదేళ్ల కింద తెరవలేకపోయిన నోరే అది. తెరిచి, "జీ సాబ్," అన్నాడు. అంతే. మనిషి చెప్పే అబద్ధాలన్నిటిలోకీ చిన్నది అదే.

ఇక్కడితో ఆగితే పటాలం కేవలం పన్ను నొప్పి ఉన్నట్టు కనపడేది. కాని కల్నల్ గారు భూతద్దం కొన్నారు.

భూతద్దంలో మర్నాడు ఒక విషయం తేలింది: ఫొటోలో అందరి పతకాలూ కుడి రొమ్ము మీద ఉన్నాయి. ఆ సాయంత్రం ఉత్తర్వు వచ్చింది, పతకాలు కుడివైపుకి మార్చాలని. ఆ పై వారం ఇంకొకటి తేలింది: వెనకాల గేటు దగ్గర సెంట్రీ ఎవరికో ఎడమచేత్తో సెల్యూట్ కొడుతున్నాడు. సెల్యూట్ ఎడమచేతికి మారింది. ఆ తరవాత కల్నల్ గారు భూతద్దం పక్కన పెట్టి ఆలోచించడం మొదలుపెట్టారు. అదే అన్నిటికంటే ప్రమాదమైంది.

"మన పూర్వీకులకి కుడి అంటే ఎడమ, ఎడమ అంటే కుడి," అని ఆయన పటాలం అంతా చేరిన దర్బారులో ప్రకటించాడు. "అలాంటప్పుడు కవాతు మాత్రం లోకం నడిచినట్టు నడవడం సంప్రదాయ ద్రోహం. రేపటినుంచి మొదటి అడుగు కుడికాలు. కుడికి తిరగమనే 'దాయే మూడ్' వినపడితే ఎడమవైపు తిరగాలి. పటం ఎలా ఉందో పటాలం అలా ఉండాలి!"

డ్రిల్లు నేర్పే హవల్దారు కుప్పిలి దాలినాయుడు. గవరయ్య చేతికింద పెరిగినవాడు, ఆ జిల్లావాడే. మర్నాడు డ్రిల్లు మైదానంలో వాడు ముప్పై మందికి "దాయే మూడ్" అన్నాడు. పదిమంది కుడికి తిరిగారు, పదిమంది ఎడమకి. మిగతా పదిమంది పక్కవాళ్లు ఎటు తిరుగుతారో చూద్దామని ఆగారు. తిరిగినవాళ్లు ముఖాముఖీ నిలబడి, మర్యాద కోసం చెంపమీద చేతులు వేసుకున్నారు.

"ఏటి సాబ్ ఇది?" దాలినాయుడు పరిగెత్తుకొచ్చాడు. "నా బుర్ర గిర్రున తిరిగిపోతంది. నాను కుడి సెప్పాలంటే ముందు ఎడమ అనుకోవాల. ఎడమ అనుకుంటే నోట కుడి వస్తంది. నిన్న ఇంటికాడ అన్నం ఎడంచేత్తో తినేశాను. మా ఆవిడ పళ్లెం లాగేసింది!"

"ఆర్డర్ ఆర్డరే దాలినాయుడూ. చేయించు."

"సాబ్, మీరే కద నాకు నేర్పింది? కాలు తప్పితే మనిషి తప్పినట్టే అని?"

"ఇప్పుడు తప్పు కాలే ఒప్పు కాలురా. మూడ్ మారింది."

"ఏ మూడు సాబ్? దాయే మూడా, బాయే మూడా?"

"పెద్దాయన మూడ్."

దాలినాయుడు నవ్వలేదు. గవరయ్య కూడా నవ్వు మొదలుపెట్టి మధ్యలో దించేశాడు. ఆ నెలలో కొందరికి ఎడమచేత్తో సెల్యూట్ కొడుతూ టోపీ ఎగిరిపోయింది. వంటవాడు చారులో గరిటె కుడివైపు తిప్పాలో ఎడమవైపు తిప్పాలో రాతపూర్వకంగా అడిగాడు. కల్నల్ గారు ఆ కాగితాన్ని కమిటీకి పంపారు. కమిటీ తేల్చేదాకా చారు తిప్పలేదు. తాగినవాళ్లే తిప్పలు పడ్డారు.

నవంబరు చివర్లో ఒక ఆదివారం గవరయ్య ఆ పటం నకలు ఒకటి ఇంటికి తెచ్చాడు. ప్రతి క్వార్టరులోనూ తగిలించాలని ఉత్తర్వు. ఆయన భార్య అప్పలనరసమ్మ బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది.

"ఓలమ్మో, నువ్వే గదా! నాను పంపిన గవ్వలు తిని పన్ను ఇరగ్గొట్టుకున్న రోజు గదా ఇది!"

"నెమ్మదిగా అనవే."

"ఎందుకు నెమ్మది? కొత్తగా పెళ్లయింది, పాకం పట్టడం నాకేటి తెలుసు? రాయిలాగ అయిపోనాయి గవ్వలు. పక్కోడికి పెట్టొచ్చు గదా, అన్నీ నువ్వే తినేసినావు." ఆమె చాట పక్కన పెట్టి దగ్గరికొచ్చింది. "అదేటయ్యా! నీ పన్ను ఇరిగింది కుడిపక్క గదా? ఇందులో ఎడంచెంప పట్టుకున్నావేటి?"

గవరయ్య నాలుక దానంతటదే కుడి దవడకి పోయింది. సగం విరిగిన పన్ను అక్కడే ఉంది, నల్లగా, ఇరవై ఎనిమిదేళ్లుగా. రెండు నెలలనుంచి ఆ పటంలో ఏదో తేడాగా ఉందని ఆయనకి అనిపిస్తూనే ఉంది. ఏమిటో చిక్కలేదు.

అప్పలనరసమ్మ ట్రంకుపెట్టె అడుగునుంచి చీరల మడతలో దాచిన ఫొటో తీసింది. అప్పట్లో ఆయన పంపిన ప్రతి. అందులో చెయ్యి కుడి చెంపకి ఉంది. పతకాలు ఎడమవైపు ఉన్నాయి. సెంట్రీ కుడిచేత్తో సెల్యూట్ కొడుతున్నాడు.

"స్టూడియోవాడు నెగటివ్ తిరగేసి అచ్చొత్తాడు," అన్నాడు గవరయ్య, మంచం మీద కూలబడి.

"దానికి పటాలం మొత్తం తిరగేసుకున్నారా?" అంది ఆమె. "ఎల్లి సెప్పీ మీ దొరకి."

"చెప్తే సిఫారసు పోతుందే. వీరుడు పోయి గవ్వలు మిగుల్తాయి."

ఆమె బియ్యం దగ్గరికి వెళ్లిపోయింది. చాటలోంచి ఒక రాయి ఏరి బయటికి విసురుతూ, "నీ నోరు, నీ ఇష్టం," అంది.

డిసెంబరు మొదట్లో సంప్రదాయ పరీక్ష పెట్టారు. ఆఫీసర్లనుంచి క్షవరం చేసేవాడిదాకా అందరూ కల్నల్ ముందు చెంపవందనం చేసి చూపించాలి. గవరయ్య వంతు వచ్చింది. ఆయన ముందుకి మూడడుగులు వేసి, మడమలు కొట్టి, చెయ్యెత్తాడు. చేతికి ఉత్తర్వులు తెలియవు, నొప్పి తెలుసు. అది సూటిగా వెళ్లి కుడి చెంపకి అతుక్కుంది.

కల్నల్ పటాన్ని చూశాడు, గవరయ్యని చూశాడు, మళ్లీ పటాన్ని చూశాడు.

"సుబేదార్ మేజర్ సాబ్," అన్నాడు బాధగా, "పటాలంలో అందరికంటే సీనియర్ మీరు. మీకే ఈ వీరుడి భావం పట్టుబడలేదంటే ఎలా? ఆ బాధ మొహంలో ఏదీ? ఆయన చెంప ఎక్కడ, మీ చెంప ఎక్కడ!"

"జీ సాబ్," అన్నాడు గవరయ్య.

"ఫెయిల్ రాయడం నాకిష్టం లేదు. పరేడు రోజున సరిచేసుకోండి. సిఫారసు అప్పటిదాకా ఆపుతున్నాను."

తన పన్ను నొప్పి పరీక్షలో తానే తప్పిన మొదటి మనిషిగా గవరయ్య బయటికొచ్చాడు.

ఇరవై ఎనిమిదో తారీఖు. ఎండ బాగుంది, గుడారాలు బాగున్నాయి, బూట్లు అద్దాల్లా ఉన్నాయి. వేదిక మీద మేజర్ జనరల్ గారు, పక్కన కల్నల్ ప్రభంజన్. వేదికకి ఎదురుగా, మైదానానికి అవతల వంటశాల. పటాలం వేదిక ముందునుంచి సాగుతోంది. వరసలకి పక్కన దాలినాయుడు నడుస్తున్నాడు. వేదిక దగ్గరికి రాగానే వాడు ఉత్తర్వు ప్రకారం, జనరల్ గారి వైపు తల తిప్పమని కొత్త సంప్రదాయంలో ఆజ్ఞ ఇచ్చాడు.

సగం పటాలం జనరల్ గారి వైపు తల తిప్పి గౌరవం చూపించింది. మిగతా సగం వంటశాలకి చూపించింది. వంటశాల వైపు తిరిగినవాళ్లు ఎదురుగా ఏముందో చూడక పక్కవరసలో పడ్డారు. కుడికాలివాళ్లు ఎడమకాలివాళ్ల మడమలు తొక్కారు. చెంపకి పోవలసిన చేతులు కొన్ని పక్కవాడి చెంపకి పోయాయి, కాస్త గట్టిగానే. ఒక తుపాకీ కింద పడింది. బ్యాండువాళ్లు దయతలచి గట్టిగా వాయించారు.

జనరల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కల్నల్ మెట్లు దిగి గవరయ్య చెవి దగ్గర బుస కొట్టాడు: "ఎవడు వాడు, ఆ హవల్దార్? నా సంప్రదాయం నాశనం చేశాడు! ఈ క్షణమే వాడి చారలు కోయించండి. సాయంత్రానికి వాడు మామూలు సిపాయి!"

గవరయ్య మైదానంలోకి చూశాడు. దాలినాయుడు వరసల మధ్య నిలబడి ఒక చేత్తో ఒకడిని కుడికీ ఇంకో చేత్తో ఇంకొకడిని ఎడమకీ తోస్తున్నాడు. మొహం నిండా చెమట. పదిహేనేళ్లు నేర్పితే ఆ చారలు వచ్చాయి వాడికి. నేర్పింది తాను. చెడగొట్టింది, ఆలోచిస్తే, అదీ తానే. ఒక్క 'జీ సాబ్' తో.

ఆయన మైదానం మధ్యకి నడిచాడు. ఎడమకాలు ముందు వేసి నడిచాడు. నిలబడి, ఊపిరి పొట్టదాకా లాగి అరిచాడు.

"పటాలం! పాత లెక్క!"

తోసుకుంటున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగారు.

"సావధాన్!"

ఆరొందల జతల మడమలు ఒక్క చప్పుడు చేశాయి. ఆయన అక్కడే నిలబడి వరసలు సర్దాడు, వెనక్కి తెప్పించాడు, మళ్లీ నడిపించాడు. వేదిక దగ్గరికొచ్చాక "దాయే దేఖ్!" అన్నాడు. ఆరొందల మెడలు ఒకే పక్కకి తిరిగాయి, జనరల్ గారి పక్కకి. ఒక్క కాలు తప్పు పడలేదు. వంటశాలని ఎవరూ పట్టించుకోలేదు. బజారులో టీ కాచేవాడు మాత్రం పొంగిపోతున్న పాలముందు నిలబడి కదలకుండా ఉండిపోయాడని తరవాత తెలిసింది.

పరేడు అయ్యాక జనరల్ పిలిపించాడు. "బాగా చేశావు. కాని సంప్రదాయం ఎందుకు మార్చావు?"

గవరయ్య జేబులోంచి ఫొటో తీశాడు. వారం రోజులనుంచి అది అక్కడే ఉంది. "సాబ్, కల్నల్ సాబ్ ఆఫీసులో ఉన్న పటం తిరగబడింది. ఇది సరైంది. చెంప పట్టుకున్నవాడు నేనే. తూటా కాదు సాబ్, పన్ను నొప్పి. మా ఆవిడ పంపిన గవ్వలు కొరికితే విరిగింది. హవల్దారుది తప్పు లేదు. మొదటి రోజే చెప్పకపోవడం నా తప్పు."

కల్నల్ ప్రభంజన్ మొహంలో గాలి పూర్తిగా ఆగిపోయింది.

జనరల్ ఆఫీసులోని పటం తెప్పించి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "అయితే వీరుడు బతికే ఉన్నాడన్నమాట," అన్నాడు చివరికి. "ఇది చాలా తీవ్రమైన విషయం. కమిటీ వెయ్యాలి."

కమిటీ మర్నాడే కూచుంది. దాని తీర్మానాలు గవరయ్యకి చదివి వినిపించారు. ఒకటి, పటము తిరగబడినదన్న వాదన నిజమే. అయినను మూడు నెలల శిక్షణ సదరు పటమును అనుసరించి జరిగినందున, ఇప్పుడు పటమును సరిచేసినచో శిక్షణ తప్పగును. కావున పటము యథాతథము. ఆ శిక్షణ ఇచ్చినవాడే కనుక హవల్దారు దాలినాయుడు నిర్దోషి.

గవరయ్య ఊపిరి వదిలాడు.

"ఇక రెండోది చిక్కు," అన్నాడు కల్నల్, కాగితం మీంచి తలెత్తి. "జీవించి ఉన్న వ్యక్తి పేరిట సంప్రదాయం నడపరాదని నియమం." ఆయన గొంతు కాస్త మెత్తబడింది. "మీ ఆరోగ్యం ఎలా ఉంది సాబ్?"

"బాగానే ఉంది సాబ్."

"బీపీ, షుగరు?"

"లేవు సాబ్."

కమిటీ నిరాశగా మొహాలు చూసుకుంది. అప్పుడు మూల కూచున్న పళ్ల డాక్టరు, మేజర్ కరుణశ్రీ, చెయ్యెత్తింది. పాపం ఆమె పళ్లకి తప్ప దేనికీ ఎవరూ పిలవరు. "సార్, ఈయన నోరు నేను చూశాను. ఆ పన్ను ఎప్పుడో చచ్చిపోయింది. నరం లేదు."

జనరల్ బల్ల మీద కొట్టాడు. "చనిపోయిందా? ధ్రువీకరించగలరా?"

"రాసిస్తాను సార్."

"అర్హత ఉంది!" అన్నాడు జనరల్.

ముప్పయ్యో తారీఖు ఉదయం పదకొండింటికి, బ్యూగిలు మోగుతుండగా, గవరయ్య పన్ను పీకారు. దానికి మఖమలు దిండు, గాజు పెట్టె చేయించి, గేటు పక్కన కాపలా గది ముందు ప్రతిష్ఠించారు. ఊరికే పన్నుకి పటాలం సెల్యూట్ కొట్టకూడదు కనుక దానికి ఒక హోదా కావాలి. ఆ ఏడాదికి పటాలంలో ఖాళీ ఉన్న గౌరవ హోదా ఒక్కటే. కల్నల్ బల్ల మీద సిఫారసు కాగితం సిద్ధంగానే ఉంది. పేరు దగ్గర 'పేడాడ గవరయ్య' తరవాత 'గారి పన్ను' అని చేర్చి సంతకం పెట్టాడు.

ముప్పై ఒకటిన గవరయ్య ట్రంకుపెట్టెలు జీపులో ఎక్కించి, అప్పలనరసమ్మతో గేటు దగ్గరికి వచ్చాడు. దాలినాయుడు స్టేషనుదాకా వస్తానని పక్కనే నడుస్తున్నాడు, మూడు చారలూ భద్రంగా భుజం మీదే. గాజు పెట్టె ముందు సెంట్రీ నిటారుగా నిలబడి ఉన్నాడు.

"సాబ్," అన్నాడు సెంట్రీ ఇబ్బందిగా, "లెఫ్టినెంట్ సాబ్‌కి సలాం చెయ్యకుండా గేటు దాటనివ్వద్దని ఆర్డర్."

గవరయ్య పెట్టెలోకి చూశాడు. పన్ను తళతళలాడుతోంది, నోట్లో ఉన్నన్నాళ్లూ ఎవడూ దాన్ని అంత తోమలేదు. కింద ఇత్తడి పలక, పైన హోదా, మంచి అక్షరాలు. ఊళ్లో తమ్ముడు మాట్లాడి ఉంచిన పలక కంటే బాగుంది.

ఆయన మడమలు దగ్గరికి చేర్చి, చెంప మీద చెయ్యి వేసి, సెల్యూట్ కొట్టాడు.

"సాబ్," సెంట్రీ గొంతు తగ్గించాడు, "ఎడమ చెంప."

గవరయ్య చెంప మార్చాడు.

"ఏటయ్యా ఇది!" అప్పలనరసమ్మ జీపులోంచి అరిచింది. "ముప్పయ్యేళ్లు నీ నోట్లో పడున్న ముక్కకి నువ్వు దండం పెడతావేటి?"

గవరయ్య వచ్చి ఆమె పక్కన కూచున్నాడు. నాలుక ఖాళీ చిగురుని ఒకసారి తడుముకుంది. నొప్పి లేదు.

"పెట్టాలే," అన్నాడు. "నేను సుబేదార్ మేజర్ని. అది లెఫ్టినెంటు."